నక్షత్రశిలా ధూపం

మేచకపురి రాజసౌధాన్ని తొలిసారి చూసినవాళ్ళు నోరు తెరవక మానరు. నల్లటి కొండ నడుమున పొరలు పొరలుగా లేచిన ప్రాకారాలు, తొలిపొద్దు తగలగానే నిప్పంటుకున్నట్టు వెలిగే రాగి కలశాలు, చంద్రకాంత శిలల మెట్లు, ఆ మెట్లకి రెండు పక్కలా దంతాలకి బంగారు పొన్నులు తొడిగిన రాతి ఏనుగులు, మేడల మీద విరగబూసిన మల్లెపందిళ్ళు, పందిళ్ళ కింద పురివిప్పి తిరిగే నెమళ్ళు. దేవేంద్రుడు చూస్తే కుళ్ళుకుంటాడని వందిమాగధులు పాడేవారు. దేవేంద్రుడి సంగతి ఎలా ఉన్నా, ఆ రోజుల్లో అక్కడ అడుగుపెట్టిన మానవమాత్రుడెవడైనా ముందు ముక్కు మూసుకునేవాడు. అంత వైభవమూ, మల్లెపందిళ్ళతో సహా, వెల్లుల్లి కంపు కొట్టేది.

దానికి కారణం ఉంది. శరభసేన మహారాజు మంచం పట్టి ఏడాది కావస్తోంది. మొదట వచ్చింది మామూలు చలిజ్వరమే. అది తగ్గించడానికి ఉత్తరదేశం నుంచి భస్మాంగదుడనే మాంత్రికుడు వచ్చాడు. ఆ తర్వాత మాంత్రికుడూ వెళ్ళలేదు, రోగమూ వెళ్ళలేదు. రాజుగారి కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కాయి. అరచేతుల చర్మం పొరలుగా ఊడసాగింది. తిన్నది ఇమడడం లేదు. నగారా మోగితే ఆయనకి తల పగిలిపోతోందని నగారాకి గుడ్డ కప్పారు. కోటంతా గుసగుసలతోనే బతుకుతోంది.

భస్మాంగదుడు రెండు చికిత్సలు చెప్పాడు. ఆకాశం నుంచి రాలిపడిన నక్షత్రశిలతో రోజూ సూర్యోదయాన రాజుగారి గదిలో ధూపం వెయ్యాలి. అది కన్నబిడ్డ చేతులతోనే వెయ్యాలి. రెండోది, పొద్దున్నా సాయంత్రమూ వెల్లుల్లి చారు. రాజుగారికే కాదు, కోటలో ఉన్న ప్రతి ప్రాణికీ. గుమ్మాలకి వెల్లుల్లి దండలు, స్తంభాలకి వెల్లుల్లి తోరణాలు. ఈ రెండో చికిత్స ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

ఆ కోట వంటశాలలో మసాలాలు దంచే పనికి కుదిరిన మాచన మన కథానాయకుడు.

మాచనది అడవి అంచున ఉన్న కొలిమిగూడెం. కొండరాయిని కాల్చి రాగి తీసేవాళ్ళ ఊరు. అక్కడ ఏ రాయినైనా కొలిమిలో వేసేముందు దాని ముక్క ఒకటి చిదిపి, నిప్పుల మీద వేసి, వాసన చూస్తారు. అలా చూసేవాణ్ణి ముక్కుపెద్ద అంటారు. మంచి రాయైతే సరే. ఒక రాయి మాత్రం చూడడానికి రాగిరాయిలాగే బరువుగా, నల్లగా, వంకాయరంగు నిగనిగతో ఉంటుంది. వేడి తగిలితే ఒక ఘాటైన వాసన వేస్తుంది. దాని పేరు దొంగరాయి, ఆ వాసన పేరు దొంగవాసన. ఆ పొగ పీల్చినవాళ్ళు ఒక్కరోజులో పోరు. కొద్దికొద్దిగా పోతారు. అందుకే దొంగరాయిని ఊరి వెలుపల పాతరలో పాతిపెడతారు. తాతల కాలం నుంచీ ఆ పాతర నిండుతూనే ఉంది.

ఆ ఊళ్ళో ఇంకో కట్టడి కూడా ఉంది. తెల్లటి రెబ్బల దుంప ఒకటి పొలిమేర దాటి రాకూడదు. పెళ్ళై కాపురానికి వచ్చే కోడలు సైతం పొలిమేరలో నోరు పుక్కిలించి, చీర మార్చుకుని లోపలికి రావాలి. ఎందుకని మాచన ఎప్పుడూ అడగలేదు, అతనికెవరూ చెప్పలేదు.

ఏడాదిగా పాతరలో రాళ్ళు కొద్దికొద్దిగా రాత్రిళ్ళు మాయమవుతున్నాయి. ఒకనాడు పట్టపగలే భస్మాంగదుడి మనుషులు బళ్ళు కట్టుకొచ్చి ఆ పాతర తవ్వారు. ముక్కుపెద్ద బయ్యన, అంటే మాచన మేనమామ, తల్లీతండ్రీ లేని మాచనని పెంచినవాడు, ఎద్దుల ముందు అడ్డం పడుకున్నాడు. బళ్ళు ఆగలేదు. మామని మట్టిచేసి, కన్నీళ్ళు తుడుచుకుని, మాచన ఆ బండిజాడ పట్టుకుని మేచకపురి దాకా వచ్చాడు. బళ్ళు అంతఃపురంలోకి పోయి మాయమయ్యాయి. అంత చావుని ఎవరికోసం తెచ్చారో తెలుసుకోకుండా తిరిగి వెళ్ళకూడదనుకుని వంటశాలలో చేరాడు.

చేరిన మొదటి పొద్దునే కొంప మునిగింది.

వంటశాల పెద్ద అక్కాంబ. మనిషి గుమ్మంలో పట్టదు, గొంతు కోటలో పట్టదు. ఆవిడ పెద్ద కాగులో నెయ్యి కాచి, దంచిన వెల్లుల్లి గుప్పెళ్ళతో వేసింది. చుయ్యిమంది. కోటంతా కొడుతున్న పచ్చి కంపుని పోల్చుకోలేకపోయిన మాచన ముక్కుకి, నేతిలో వేగి లేచిన ఆ ఘాటు తగిలింది. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఆ వాసనకి ఒకటే అర్థం తెలుసు.

"విషం! అందరూ బయటికి పొండి! ముక్కులు మూసుకోండి!" అని కేకవేసి, ఒక్క తన్ను తన్నాడు. కాగు బోర్లాపడింది. అతను అక్కాంబని భుజాన వేసుకుని పెరట్లోకి పరిగెత్తాడు. అక్కాంబని భుజాన వేసుకోవడమంటే సామాన్యమైన సంగతి కాదు, పెరట్లోకి చేరేసరికి అతని మోకాళ్ళు వంగిపోయాయి. ఆవిడ తేరుకుని చేతిలోని గరిటెతోనే వీపు మీద నాలుగంటించింది.

"ఓరి నీ మొహం మండా! వెల్లుల్లిరా అది! మీ అమ్మ ఎప్పుడూ చారు పెట్టలేదట్రా నీకు?"

"వెల్లుల్లంటే ఏంటత్తా?"

పెరడంతా విరగబడి నవ్వింది. చాలాకాలంగా నవ్వు మర్చిపోయిన కోట కదా, ఆ నవ్వు మేడపైకి వినిపించి యువరాణి కువలయవల్లి కిందికి దిగివచ్చింది. ఆమె వెనకే, బూడిద పూసుకున్న ఒళ్ళూ, బూడిదరంగు కళ్ళూ, తెల్లటి పట్టుపంచెతో భస్మాంగదుడు వచ్చాడు. జరిగింది అక్కాంబ చెప్పింది. విషమన్న మాట వినగానే మాంత్రికుడి ముఖంలో ఏదో కదిలింది. కానీ వెంటనే సర్దుకుని చిరునవ్వు నవ్వాడు.

"పల్లెటూరి అమాయకుడు తల్లీ. రాజుగారి మందు నేలపాలు చేశాడు. ఈసారికి క్షమించెయ్యండి. కాకపోతే రోగి ఉన్న ఇంట్లో విషమన్న మాట ఊరికే అనకూడదు. ఇంకోసారి వీడి నోట ఆ మాట వస్తే, వీణ్ణి తప్పుదారి పట్టించిన ఆ ముక్కు కోయించెయ్యండి."

యువరాణి తలూపింది. ఆజ్ఞ అయిపోయింది. ఆవేళ నుంచి వంటశాలలో మాచన పేరు విషమయ్య.

మాచన సిగ్గుతో చచ్చిపోయాడు. అంతకంటే ఎక్కువగా భయపడ్డాడు. తన ఊళ్ళో ఆ దుంప ఎందుకు రానివ్వరో ఇప్పుడు తెలిసింది. ముక్కుపెద్దకి రెండు వాసనలు కలిసిపోకూడదు. మరి ఈ కోటలో గుమ్మానికీ స్తంభానికీ ఆ దుంపలే వేలాడుతున్నాయి. ఇక్కడెక్కడ దొంగరాయి కాల్చినా ఎవరికి తెలుస్తుంది? మామయ్యే బతికొచ్చినా పోల్చలేడు. భస్మాంగదుడి రెండో చికిత్స ఎందుకో మాచనకి అప్పుడర్థమైంది.

ఆ రాత్రి నుంచీ అతను కులకట్టుబాటు తప్పాడు. వెల్లుల్లి తిన్నాడు. కక్కుకున్నాడు. మళ్ళీ తిన్నాడు. పచ్చిది నమిలాడు, వేయించినది నమిలాడు, మాడినది వాసన చూశాడు. కళ్ళు మూసుకుని మామ చూపించిన దొంగవాసనని గుర్తు చేసుకునేవాడు. వెల్లుల్లి వేగినకొద్దీ తియ్యబడుతుంది, వేళ్ళని పట్టుకుని వదలదు. దొంగవాసన వేళ్ళకి అంటదు. నాలుక మీద ఎండిపోయిన రాగిచెంబు అంచులా ఒక రుచి మిగులుతుంది. తేడా దొరికింది. మామ ఉంటే ఆ కట్టుబాటు తప్పినందుకు చెంప పగలగొట్టేవాడు, తేడా పట్టినందుకు కావలించుకునేవాడు.

కొన్నాళ్ళకి రాజుగారి గదికి నిప్పులు మోసే పనివాడు, చేతుల చర్మం పొరలుగా ఊడి, కుంపటి పట్టుకోలేక పడిపోయాడు. "ఒరేయ్ విషమయ్యా, నువ్వెళ్ళరా. అక్కడ మాత్రం నోరు మూసుకో," అంది అక్కాంబ.

తూర్పు తెల్లబడుతుండగా మాచన కుంపటి ఎత్తుకుని రాజుగారి గదిలోకి వెళ్ళాడు. ఎత్తైన గది. గోడలకి నీలిపట్టు తెరలు, మంచానికి దంతపు కోళ్ళు, మంచం పైన వెండిరేకుల చాందినీ, నేలమీద కుంకుమరంగు కంబళి, మూలన నీళ్ళ గంగాళం. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క కిటికీ దగ్గర, గాలి వచ్చేవైపు, భస్మాంగదుడు నిలబడి ఉన్నాడు. ఒక కొయ్యకి చిలక పంజరం వేలాడుతోంది. అందులో చిలక లేదు.

మంచం మీద ఉన్న మహారాజుని చూసి మాచన గుండె చెరువైంది. ఏనుగుని తొండం పట్టి ఆపేవాడని దేశమంతా చెప్పుకునే మనిషి, ఇప్పుడు దుప్పటికి బరువు కూడా లేడు.

యువరాణి స్నానం చేసి, తడిజుట్టు ముడివేసుకుని వచ్చింది. ఆమె వేళ్ళ కొసలూ పొరలు రేగుతున్నాయి. తండ్రి పాదాలు తాకి, నల్లపట్టు మూట విప్పింది. లోపల వంకాయరంగు నిగనిగతో నల్లటి రాయి. కొసన మూడు పలుకులు అడ్డంగా కలుసుకుని నక్షత్రంలా ఉన్నాయి. మాచన ముందుకు వంగి చూశాడు. ఆమె వెండిచాకు మొన పెట్టి మెల్లిగా తట్టింది. రాయి వెదురుబద్ద చీలినట్టు నిలువునా చీలింది. ఆ బద్దని ఆమె నిప్పుల మీద వేసింది. చిటచిటమని పేలింది.

"రోగభూతాలు పేలిపోతున్నాయి తల్లీ," అన్నాడు భస్మాంగదుడు కిటికీ దగ్గర్నుంచి కదలకుండా.

నిప్పుల అంచున పచ్చటి మంట నాలుక చాపింది. తెల్లటి పొగ లేచి చాందినీకి తగిలింది. మహారాజు కళ్ళు మూసుకుని, కూతురు వేసిన ధూపాన్ని ఆశగా గుండెల నిండా పీల్చాడు. "హాయిగా ఉందమ్మా," అన్నాడు.

మాచన నాలుక మీద రాగిచెంబు రుచి తగిలింది.

పాతర తవ్వింది ఇందుకు. మామ చచ్చిపోయింది ఇందుకు. తండ్రిని ప్రాణంగా చూసుకునే ఈ పిల్ల, రోజూ తలంటుకుని, మొక్కుకుని, తన చేతులతో ఆయనకి చావు వడ్డిస్తోంది. ఆమెకి ఎలా చెప్పడం? చెబితే ముక్కు పోతుంది. చెప్పకపోతే రాజు పోతాడు. మాచనకి ఆలోచించే తీరిక లేదు. ఆమె రెండో బద్ద చేతిలోకి తీసుకుంది.

"అమ్మగారూ, వెయ్యకండి! అది విషం!"

రెండో బద్ద యువరాణి చేతిలోనే ఆగింది. భస్మాంగదుడు పకపకా నవ్వాడు.

"చారుకాగు తన్నిన మహానుభావుడు వీడే కదూ? వీడి చేతులు వాసన చూడండి తల్లీ."

కువలయవల్లి అతని చెయ్యి దగ్గరికి లాక్కుని వాసన చూసింది. వెల్లుల్లి. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీకు చెప్పిన శిక్ష గుర్తుందా?"

"ఉందమ్మగారూ. కొయ్యండి. కోసేముందు ఒక్క మాట వినండి. ఈ రాయి ఆకాశం నుంచి పళ్ళేదు. మా ఊరి పాతరలోంచి తవ్వి తెచ్చారు. అడ్డం పడ్డ మా మావని బళ్ళకింద తొక్కించారు. ఇందులో సగం రాగి, సగం చావు. ధూపం చల్లారాక కుంపట్లో ఎర్రటి పూసలు మిగలట్లేదా మీకు?"

యువరాణి చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ పట్టుతాడుకి కట్టిన చిన్న పూస ఉంది. "ఇవి అంగారకుడి రక్తబిందువులని స్వామివారు చెప్పారు," అంది.

మాచన మొలలోంచి చింతపండు ముద్ద తీశాడు. వంటశాలవాడి దగ్గర ఉండేది అదే మరి. "దీంతో తోమి చూడండమ్మా."

ఆమె తోమింది. మసి పోయింది. పూస కొత్త బిందెలా తళతళలాడింది. ఏ ఇంటి ఆడపిల్లకైనా ఆ మెరుపు తెలుసు. ఆమె మాంత్రికుడి వైపు తిరిగింది.

"రాగి పవిత్రలోహం కాదా తల్లీ?" అన్నాడు మాంత్రికుడు తొణక్కుండా. "నక్షత్రంలో రాగి ఉంటే తప్పేమిటి?"

"తప్పు లేదు స్వామీ," అన్నాడు మాచన. "రాగి కిందికి దిగింది. పైకి పోయింది ఏంటో అది చూద్దాం. అమ్మగారూ, ఆ చాందినీ అడుగున వేలు పెట్టి చూడండి."

కువలయవల్లి పీట వేసుకుని ఎక్కింది. వెండిరేకుల అడుగున, ఏడాదిపాటు పేరుకున్న తెల్లటి పొడి, మంచు పట్టినట్టు మెరుస్తోంది. ఆమె దాన్ని తమలపాకుతో గీకి తీసింది. కిందికి దిగి, మాంత్రికుడి దగ్గరికి నడిచి, ఆకుని రెండు చేతులతో చాపింది.

"స్వామీ, మీ నక్షత్రం ప్రసాదం ఇది. ఒక్క పిసరు నోట్లో వేసుకోండి. వెంటనే వీడి ముక్కు కోయిస్తాను."

ఆమె గొంతులో ప్రార్థన ఉంది. అతను ఆ పొడి నోట్లో వేసుకోవాలనీ, నవ్వాలనీ, పల్లెటూరివాడి మాట అబద్ధం కావాలనీ ఆమె మొక్కుకుంటోంది. అది మాచనకి తెలిసింది, జాలేసింది.

భస్మాంగదుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

అంతే. ఆ ఒక్క అడుగుతో అంతా తెలిసిపోయింది. ఆకు ఆమె చేతుల్లోంచి జారిపడింది.

"ఇంకో పక్షం ఓపిక పట్టి ఉంటే సింహాసనం మెత్తగా నా చేతికొచ్చేది," అన్నాడు మాంత్రికుడు పళ్ళు కొరుకుతూ. "మెత్తగా వద్దంటే గట్టిగానే కానివ్వండి!" కిటికీ కింద ఉన్న రాళ్ళబుట్టని కాలితో తన్నాడు. నల్లరాళ్ళన్నీ కుంపటి మీద గుట్టపడ్డాయి. మరుక్షణం అతను బూడిదరంగు గద్దై కిటికీలోంచి ఎగిరిపోయాడు. కిటికీ తలుపులు వాటంతటవే ధడేలున మూసుకున్నాయి. గుమ్మం బయట బూడిద చల్లిన చప్పుడు, ఆ వెంటనే ఈటెలు నేలకి ఆనించిన చప్పుడు. మంత్రించిన బూడిదలోంచి లేచిన భటులు తలుపుకి గడియ వేశారు.

రాళ్ళు చటచటా పేలుతూ ఎగిరి పట్టుతెరల మీద పడ్డాయి. తెరలు అంటుకున్నాయి. పచ్చటి మంటలు, తెల్లటి పొగ. గదిలో మనిషికి మనిషి కనబడడం లేదు. మాచన తలపాగా చించి గంగాళంలో ముంచి యువరాణికి ఒక ముక్క, రాజుగారి ముఖానికి ఒక ముక్క కట్టాడు. తనకి మిగల్లేదు. ఊపిరి బిగబట్టి, గంగాళాన్ని భుజంతో నెట్టాడు. నీళ్ళు కుంపటి మీద పడి బుస్సుమన్నాయి. ఖాళీ గంగాళాన్ని ఆ నిప్పుల మీద బోర్లించాడు. పొగ అంచుల్లోంచి ఇంకా కారుతోంది. తడికంబళి తెచ్చి చుట్టూ కుక్కాడు.

కువలయవల్లి మండుతున్న తెరలని లాగి తొక్కింది. ఆమె అరికాళ్ళు కాలాయి, గమనించలేదు. తలుపు మీద పిడికిళ్ళతో బాదింది. "ఎవరక్కడ! తలుపు తియ్యండి! విషం! విషం!"

అదే సమయానికి రాజుగారి పొద్దుటి చారుకాగు మోయించుకుని అక్కాంబ మేడమెట్లు ఎక్కుతోంది. ఎదురుగా గుమ్మంలో, ముక్కూ కళ్ళూ లేని బూడిదబొమ్మలు ఈటెలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. మోసేవాళ్ళు కాగు వదిలేసి పారిపోయారు. లోపల్నుంచి విషమన్న కేక వినబడింది.

ఈసారి అది విషమయ్య గొంతు కాదు. తను ఎత్తుకు పెంచిన పిల్ల గొంతు.

"తప్పుకోండ్రా బూడిద మొహాల్లారా!" అని అక్కాంబ ఆ కాగుని ఎత్తి విసిరికొట్టింది. మరుగుతున్న వెల్లుల్లి చారు భటుల మీద పడింది. బూడిద ఎంత మంత్రించినదైనా బూడిదే కదా. భటులు ఉన్నచోటే ముద్దముద్దగా కరిగి, చారులో కలిసి, మెట్లమీదుగా పారిపోయారు. ఆవిడ గడియ తీసింది. మాచన రాజుగారిని వీపున వేసుకుని, దగ్గుతూ, కళ్ళు కనపడక గోడలు తడుముకుంటూ బయటపడ్డాడు.

"అటు కాదురా, ఇటు!" అని అక్కాంబ అతని చెవి పట్టుకుని నడిపించింది. పెద్దవాకిళ్ళ వైపు భటుల పరుగులు వినబడుతున్నాయి. వంటశాల వెనక, కడుగునీళ్ళు పోయే తూము పక్కన చిన్న దిడ్డివాకిలి ఉంది. దాని కింద నది. కూరగాయలు తెచ్చే పుట్టి ఒకటి గుంజకి కట్టి ఉంది. రాజుని అందులో పడుకోబెట్టారు. అక్కాంబ మజ్జిగ కుండ ఒకటి తెచ్చి యువరాణి ఒళ్ళో పెట్టింది.

"నువ్వూ రా అక్కాంబా," అంది కువలయవల్లి ఆవిడ చెయ్యి వదలకుండా.

"నేనెక్కితే ఈ పుట్టి మునుగుద్ది తల్లీ," అంది అక్కాంబ నవ్వబోయి ఏడుస్తూ. "ఈ వాకిలి ఎవరో ఒకరు లోపల్నుంచి వెయ్యాల కదా. ఒరేయ్ మాచనా, జాగ్రత్తరా." అతన్ని అసలు పేరుతో ఆవిడ పిలవడం అదే మొదలు. వాకిలి మూసుకుంది.

పుట్టి సుడి తిరుగుతూ నడినదికి చేరింది. మాచన తెడ్డు వేస్తున్నాడు. గొంతులో గాజుపెంకులు ఇరుక్కున్నట్టుంది. తన ముక్కు ఉంది, కానీ నది వాసన అతనికి తగలడం లేదు. ముక్కుపెద్ద మేనల్లుడికి అంతకంటే నష్టం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పకుండా తెడ్డు వేశాడు.

ఏడాదిగా గుడ్డ కప్పి ఉంచిన నగారా కోటగోడ మీద మోగింది. దండోరా వినబడింది.

"వినండహో! యువరాణి కువలయవల్లి రాజ్యం మీద ఆశతో, రోజూ తన చేతులతో విషధూపం వేసి కన్నతండ్రిని చంపజూసింది! అంతఃపురమంతా దానికి సాక్షి! ఆమెని పట్టి తెచ్చినవాడే రేపటి దండనాయకుడు! ఇది భస్మాంగద స్వామి ఆజ్ఞ!"

కువలయవల్లి తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళ సందుల్లో నల్లటి నిగనిగ ఇంకా ఉంది.

"వాడు ఒక్కటే అబద్ధం చెప్పాడు మాచనా. రాజ్యం మీద ఆశ అన్నాడు చూడు, అదొక్కటే. మిగతాదంతా నిజమే."

ఓదార్చడం మాచనకి చేతకాదు. ఊళ్ళో ఉన్న కట్టడి ఒకటి చెప్పాడు.

"మా ఊళ్ళో అప్పుడప్పుడు పొరపాటున దొంగరాయి కొలిమిలో పడిపోద్దమ్మగారూ. పొగ ఎవరికో ఒకరికి తగుల్తది. వేసినోడికి శిక్ష వెయ్యరు. వేసినోడే ఆ మనిషి పక్కన కూకోవాల. అదే చేత్తో మజ్జిగా, జావా పట్టాల, ఆ మనిషి లేచి కూకునేదాకా. మా అమ్మకి అట్టాగే మా మావ పట్టాడు."

"ఆవిడ బతికిందా?"

మాచన తెడ్డు నీళ్ళలో ఆగింది. "లేచి కూకుందమ్మగారూ," అన్నాడు. ఆ తర్వాతి సంగతి చెప్పలేదు.

కువలయవల్లి చెయ్యి నదిలో పెట్టి కడిగింది. పుట్టి అడుగున పేరుకున్న ఇసుకతో తోమి కడిగింది. వేళ్ళు ఎర్రబడేదాకా కడిగింది. అప్పుడు మజ్జిగ కుండ ముందుకు లాక్కుంది.

మహారాజు కళ్ళు తెరిచాడు. ఆకాశాన్ని చూశాడు, ఎక్కడున్నాడో ఆయనకి తెలియలేదు. రోజూ చేసే పని జరగలేదన్న బెంగ మాత్రం ఆ ముఖంలో కనిపించింది. ఆ పొగకి ఆయన అలవాటుపడిపోయాడు. అది కూతురి ప్రేమ వాసన అని ఆయన నమ్మకం.

"అమ్మా, పొద్దెక్కినట్టుందే. ధూపం వేశావా?"

కువలయవల్లి తండ్రితో ఎన్నడూ అబద్ధమాడి ఎరగదు. మాచన వైపు ఒక్కసారి చూసి, ముఖం తిప్పుకుంది.

"వేశాను నాన్నగారూ."

ఆయన సంతోషంగా కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. తడి రెల్లుగడ్డి మీదుగా, ఒండ్రుమట్టి మీదుగా, నీళ్ళమీదుగా వస్తున్న ఉదయపు గాలి ఆ ఎండిన ఛాతీలోకి వెళ్ళింది.

"ఈవేళ వాసన ఎంతో బాగుంది తల్లీ. ఇంకనుంచి రోజూ ఇదే వెయ్యి."

"అలాగే నాన్నగారూ," అని ఆమె కుడిచేతిని దోసిలి చేసి మజ్జిగ ఆయన పెదవులకి అందించింది. ఆ చెయ్యి వణుకుతోంది. సగం ఒలికిపోయింది. సగం ఆయన మింగాడు.

వెనక కోటదిక్కున గుర్రాలు నీళ్ళలోకి దిగిన చప్పుడైంది. ఒక బూడిదరంగు గద్ద నీడ పుట్టి మీదుగా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది. మాచన పైకి చూడకుండా, ఆమె చెయ్యి కుదుటపడేలా, పుట్టిని ఊగనివ్వకుండా తెడ్డు వెయ్యసాగాడు.